లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ ఉన్నా క్లయింట్లు రావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టేయండి

లింక్డ్‌ఇన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఉద్యోగమే. డిగ్రీ అవ్వగానే అకౌంట్ తెరుస్తారు. రెజ్యూమెలో ఉన్నదంతా అందులో ఎక్కించేస్తారు. ఉద్యోగం దొరికాక మళ్లీ అటువైపు చూడరు. కొన్నేళ్లకు సొంతంగా పని మొదలుపెడతారు. వీడియో ఎడిటింగ్, వెబ్‌సైట్ డిజైన్, అకౌంట్స్, ఇంటీరియర్స్, ట్రాన్స్‌లేషన్.. ఏదైనా కావొచ్చు. ప్రొఫైల్ మాత్రం పాతదే ఉంటుంది. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోతుంటారు. ఒక్కరూ మెసేజ్ పెట్టరు.

అసలు చిక్కు ఏంటంటే, ఆ ప్రొఫైల్ రిక్రూటర్ కోసం రాసింది. రిక్రూటర్ ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చేశారు అని చూస్తారు. క్లయింట్‌కు కావాల్సింది వేరు. 'నా పని వీళ్లు చేసిపెడతారా? ఇంతకుముందు ఇలాంటిది చేశారా? వీళ్లతో ఎలా మాట్లాడాలి?' ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే క్లయింట్ ఆగడు. ఒక్కమాటలో చెప్పాలంటే రెజ్యూమె లాంటి ప్రొఫైల్‌ను షాపు బోర్డులా మార్చాలి. అదెలాగో వివరంగా చూద్దాం.

ఎందుకంత ముఖ్యం?

లింక్డ్‌ఇన్ 2003 మేలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ దీన్ని కొనేసింది. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా 100 కోట్లకు పైగా సభ్యులున్నారు. అమెరికా తర్వాత ఎక్కువ మంది ఉన్నది మన దేశంలోనే. ఇక్కడి సభ్యుల సంఖ్య 10 కోట్లు దాటింది. యాప్‌ను తెలుగులో కూడా వాడుకోవచ్చు. అంటే పని ఇచ్చేవాళ్లూ, పని వెతుక్కునేవాళ్లూ ఒకే చోట ఉన్నారు. పోటీ కూడా అంతే ఉంది.

అర్థం కావడానికి ఓ ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఓ వీడియో ఎడిటర్ ఉన్నాడనుకోండి. ఏడేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు. ముహూర్తాలున్న నెలల్లో నిద్ర ఉండదు. ఆషాఢం, మూఢం వస్తే చేతిలో పని ఉండదు. ఇంటి అద్దెకు మాత్రం ఆషాఢం లేదు కదా! అందుకే అడ్మిషన్ల టైంలో కోచింగ్ సెంటర్లు, స్కూళ్లకు వీడియోలు చేయాలనుకున్నాడు. సరిగ్గా పెళ్లిళ్లు లేని రోజుల్లోనే వాళ్లకు వీడియోలతో పని పడుతుంది. ఇప్పుడు అతని ప్రొఫైల్‌ను ఒక్కో భాగం సరిచేద్దాం.

మొదలుపెట్టే ముందు ఈ సెట్టింగ్ చూసుకోండి

ప్రొఫైల్‌లో మార్పులు చేస్తుంటే కొన్నిసార్లు మీ కాంటాక్టులకు నోటిఫికేషన్లు వెళ్తాయి. ఒకే రోజు పది మార్పులు చేస్తే చూసేవాళ్లకూ చిరాకే. సెట్టింగ్స్‌లో 'విజిబిలిటీ' కిందకు వెళ్లి, ప్రొఫైల్ అప్‌డేట్స్ నెట్‌వర్క్‌కు షేర్ చేసే ఆప్షన్‌ను ఆఫ్ చేయండి. పని అంతా పూర్తయ్యాక కావాలంటే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

1. ఫొటో, పేరు

ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో చాలు. స్టూడియోకే వెళ్లక్కర్లేదు. పగటి వెలుగులో, కిటికీ ఎదురుగా నిలబడి ఫోన్‌లో తీసుకున్నా సరిపోతుంది. గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించినది, నల్ల కళ్లద్దాలతో ఉన్నది మాత్రం వద్దు.

పేరు దగ్గర తెలుగువాళ్లకు ఓ ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది. దాన్ని అలాగే మొదటి పేరు గడిలో పెడితే, విదేశీ క్లయింట్ మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తాడు. నాలుగు ఇనీషియల్స్ వరసగా పెడితే అసలేమని పిలవాలో అర్థం కాదు. అందరూ పిలిచే పేరును మొదటి గడిలో, ఇంటిపేరును రెండో గడిలో రాయండి. మొబైల్ యాప్‌లో మీ పేరును మీరే పలికి రికార్డ్ చేసే సదుపాయం కూడా ఉంది. 10 సెకన్ల వరకు మాట్లాడొచ్చు. బయటి దేశాల క్లయింట్లతో పనిచేసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ఫొటో చుట్టూ 'ఓపెన్ టు వర్క్' అనే ఆకుపచ్చ ఫ్రేమ్ ఉందా? అది ఉద్యోగం వెతుక్కునేవాళ్ల కోసం. క్లయింట్‌కు అది తప్పుడు సంకేతం ఇస్తుంది. 'ఉద్యోగం రాగానే నా పని మధ్యలో వదిలేస్తాడేమో' అన్న అనుమానం వస్తుంది. ఉద్యోగం కూడా చూస్తుంటే, అది రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోండి.

2. వెనక బ్యానర్

ఫొటో వెనక ఉండే అడ్డ పట్టీని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. షాపు బోర్డు రాయడానికి ఉచితంగా ఇచ్చిన గోడ అది. దీని సైజు 1584 బై 396 పిక్సెల్స్. మీరేం చేస్తారో ఒక్క లైన్, మీ పని తాలూకు ఒక ఫొటో.. అంతకుమించి అక్కర్లేదు. ఫోన్‌లో చూస్తే ఎడమవైపు కొంత భాగం మీ ఫొటో కింద దాగిపోతుంది. అందుకే అక్షరాలు కుడివైపు ఉండేలా చూసుకోండి.

3. హెడ్‌లైన్: అసలు ఆట ఇక్కడే

పేరు కింద ఉండే లైనే హెడ్‌లైన్. సెర్చ్‌లోనూ, కామెంట్ల దగ్గరా, మెసేజ్‌లోనూ పేరుతో పాటు కనిపించేది ఇదే. 220 క్యారెక్టర్ల వరకు రాసుకోవచ్చు. కానీ ఫోన్ స్క్రీన్ మీద మొదటి కొన్ని పదాలే కనిపిస్తాయి. కాబట్టి పని పేరు ముందుండాలి.

మన ఎడిటర్ పాత హెడ్‌లైన్ ఇది: 'ఫ్రీలాన్సర్ | క్రియేటివ్ థింకర్ | ప్యాషనేట్ స్టోరీటెల్లర్'.

దీన్ని చూసి కోచింగ్ సెంటర్ ఓనర్‌కు ఏం అర్థమవుతుంది? ఏమీ కాదు. 'క్రియేటివ్ థింకర్ కావాలి' అని ఎవరూ సెర్చ్ చేయరు. 'వీడియో ఎడిటర్ హైదరాబాద్' అనే కొడతారు.

కొత్తది ఇలా ఉండొచ్చు: 'వీడియో ఎడిటర్, హైదరాబాద్ | కోచింగ్ సెంటర్లు, స్కూళ్లకు అడ్మిషన్ వీడియోలు, తెలుగు సబ్‌టైటిళ్లతో రీల్స్'.

ఇందులో గొప్ప పదాలేవీ లేవు. ఏం చేస్తాడు, ఎవరికి చేస్తాడు, ఎక్కడ ఉంటాడు అన్న మూడు విషయాలే ఉన్నాయి. ఏ పని చేసేవాళ్లయినా ఈ మూడూ రాసుకుంటే చాలు.

ఏ భాషలో రాయాలి అన్న డౌట్ రావొచ్చు. క్లయింట్ ఏ భాషలో సెర్చ్ చేస్తాడో ఆ భాషలో రాయాలి. కంపెనీలు, విదేశీ క్లయింట్లు కావాలనుకుంటే ఇంగ్లిష్ తప్పదు. తెలుగు కంటెంట్, తెలుగు వాయిస్ ఓవర్ లాంటి పనులు చేసేవాళ్లు ఇంగ్లిష్‌లో రాసి, పక్కన ఒక తెలుగు లైన్ పెట్టుకోవచ్చు. ఆ ఒక్క లైనే మీ పనికి శాంపిల్ అవుతుంది.

4. అబౌట్: మొదటి రెండు మూడు లైన్లే చదువుతారు

అబౌట్‌లో 2,600 క్యారెక్టర్ల వరకు చోటుంది. కానీ మొదట రెండు మూడు లైన్లే కనిపిస్తాయి. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. 'నేను కష్టపడి పనిచేసే వ్యక్తిని, కొత్త విషయాలు నేర్చుకోవడం ఇష్టం' అని మొదలుపెడితే ఎవరూ నొక్కరు.

మన ఎడిటర్ ఇలా రాసుకోవచ్చు:

'కోచింగ్ సెంటర్లు, స్కూళ్లకు అడ్మిషన్ సీజన్ వీడియోలు ఎడిట్ చేస్తాను. మీరు ఫోన్‌లో తీసిన ఫుటేజ్ పంపినా సరే, తెలుగు సబ్‌టైటిళ్లతో రీల్స్‌గా మార్చి ఇస్తాను. ఏడేళ్లుగా పెళ్లి వీడియోలు చేస్తున్నాను కాబట్టి, గంటల ఫుటేజ్‌లోంచి పనికొచ్చే నిమిషాన్ని పట్టుకోవడం అలవాటు. ముందు పావుగంట ఫోన్‌లో మాట్లాడుకుందాం. తర్వాత రేటు, గడువు రాసి పంపుతాను. రెండుసార్లు మార్పులు అందులోనే. మీ వీడియో గురించి మాట్లాడాలంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి.'

గమనించారా? పెళ్లి వీడియోల అనుభవాన్ని దాచలేదు. అది కొత్త క్లయింట్‌కు ఎలా పనికొస్తుందో చెప్పాడు. వేరే రంగం నుంచి వచ్చేవాళ్లు చేయాల్సిందీ ఇదే. చివర్లో ఏం చేయాలో కూడా క్లయింట్‌కు చెప్పాడు. చాలా ప్రొఫైల్స్‌లో ఈ ఆఖరి లైనే ఉండదు.

5. ఫీచర్డ్: చేసిన పని చూపించే చోటు

లింకులు, ఫొటోలు, మీ పోస్టులు పైన పిన్ చేసుకునే భాగం ఇది. ఇరవై పెట్టక్కర్లేదు. మీకు ఎలాంటి పని కావాలో అలాంటివి రెండు మూడు పెట్టండి. ప్రతిదానికీ రెండు లైన్లు రాయండి. క్లయింట్ అడిగిందేంటి, మీరు చేసిందేంటి అన్నది చాలు.

ఆ రంగంలో ఇంకా ఒక్క క్లయింట్ కూడా లేకపోతే? సొంతంగా ఓ శాంపిల్ చేసి, 'శాంపిల్' అని స్పష్టంగా రాసి పెట్టండి. ఏదో కోచింగ్ సెంటర్ లోగో వాడి, వాళ్లకు పనిచేసినట్టు చూపించొద్దు. ఒక్క ఫోన్ కాల్‌తో నిజం బయటపడిపోతుంది. పాత క్లయింట్ పని పెట్టేటప్పుడు కూడా అనుమతి తీసుకోండి. పెళ్లి వీడియో అయితే మరీ ముఖ్యం. అది వాళ్ల ఇంటి వేడుక.

6. సర్వీసెస్ పేజీ: చాలామందికి తెలియని ఆప్షన్

ప్రొఫైల్‌లో 'ఓపెన్ టు' బటన్ నొక్కితే, సర్వీసులు అందిస్తున్నాం అని చెప్పుకునే ఆప్షన్ కనిపిస్తుంది. అందులో మీ పనులు ఎంచుకుంటే ఉచితంగా ఓ సర్వీసెస్ పేజీ తయారవుతుంది. సర్వీసుల కోసం వెతికేవాళ్లకు మీరు కనిపించే అవకాశం పెరుగుతుంది. పాత క్లయింట్లను రివ్యూ రాయమని అడిగే వీలు కూడా ఇందులో ఉంది.

యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి 'క్రియేటర్ మోడ్' ఆన్ చేద్దామని వెతుకుతున్నారా? ఆ ఆప్షన్‌ను లింక్డ్‌ఇన్ 2024లో తీసేసింది. వెతికి టైం వేస్ట్ చేసుకోవద్దు.

7. రికమెండేషన్: అడగడానికి మొహమాటం వద్దు

మన గురించి మనం ఎంత చెప్పుకున్నా, పని చేయించుకున్నవాళ్లు చెప్పే రెండు మాటలకు ఉండే విలువ వేరు. కానీ 'సార్, ఒక రికమెండేషన్ రాయండి' అని అడిగితే, బిజీగా ఉన్నవాళ్లు 'తప్పకుండా' అని మర్చిపోతారు. ఏం రాయాలో వాళ్లకు తోచకపోవడమే దానికి కారణం. ఇలా అడిగి చూడండి:

'నమస్తే సార్. మొన్న చేసిన వీడియో మీకు నచ్చినందుకు సంతోషం. లింక్డ్‌ఇన్‌లో రెండు లైన్లు రాయగలరా? వీడియో ఇవ్వకముందు మీకున్న ఇబ్బంది ఏంటి, చెప్పిన టైంకి ఇచ్చానా లేదా అన్నది రాస్తే చాలు.'

పని పూర్తయిన వారంలోపే అడగడం మంచిది. 'నువ్వు నాకు రాయి, నేను నీకు రాస్తా' అన్న ఒప్పందాలు వద్దు. ఇద్దరి ప్రొఫైల్స్ పక్కపక్కన చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

8. లింకు, వెరిఫికేషన్

ప్రొఫైల్ లింకు చివర పేరు తర్వాత అంకెలు, అక్షరాలు గజిబిజిగా ఉంటాయి. పబ్లిక్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో దాన్ని మీ పేరుకు మార్చుకోవచ్చు. విజిటింగ్ కార్డు మీదా, వాట్సాప్‌లోనూ ఇవ్వడానికి తేలిగ్గా ఉంటుంది. మన దేశంలో డిజిలాకర్‌లోని ఆధార్ ద్వారా గుర్తింపును వెరిఫై చేసుకునే సదుపాయం కూడా లింక్డ్‌ఇన్ ఇచ్చింది. ఇది తప్పనిసరేం కాదు. ముక్కూమొహం తెలియని క్లయింట్‌కు మాత్రం కాస్త ధైర్యం ఇస్తుంది.

ఉద్యోగం చేస్తూ సైడ్ పని చూస్తున్నారా? ఆగండి

ప్రొఫైల్ క్లయింట్ చూస్తాడంటే, మీ మేనేజర్ కూడా చూస్తారు. 300 మంది ఉద్యోగులను తొలగించినట్టు 2022 సెప్టెంబర్‌లో విప్రో చెప్పింది. తమ దగ్గర ఉంటూనే పోటీ కంపెనీలకు పనిచేశారన్నది కారణం. మూన్‌లైటింగ్ మీద దేశమంతా చర్చ నడిచింది. అందుకే సర్వీసెస్ పేజీ ఆన్ చేసే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, వేరే పని చేయొచ్చా లేదా అన్న క్లాజ్ చదవండి. అనుమానంగా ఉంటే హెచ్‌ఆర్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

లాయర్లు, సీఏలకు రూల్స్ వేరు

ఇక్కడ చెప్పిన చిట్కాలన్నీ అందరికీ వర్తించవు. లాయర్లు ప్రకటనలు ఇచ్చి కేసులు తెచ్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన 36 నిషేధిస్తోంది. ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లలో లాయర్ల ప్రకటనలపై 2024 జులైలో మద్రాస్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత బార్ కౌన్సిల్ కూడా చర్యలకు ఆదేశించింది. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 నాటి చట్టం కింద, ఐసీఏఐ నిబంధనల కింద ప్రచారం విషయంలో పరిమితులున్నాయి. డాక్టర్లకూ వృత్తి నియమాలున్నాయి. ఈ వృత్తుల్లో ఉన్నవాళ్లు 'క్లయింట్లు కావాలి' అన్న మాట రాసే ముందు తమ కౌన్సిల్ తాజా నిబంధనలు చూసుకోవాల్సిందే. లేదంటే లైసెన్స్‌కే ఇబ్బంది రావొచ్చు.

ప్రొఫైల్ రెడీ.. ఇక క్లయింట్ దగ్గరకు ఎలా వెళ్లాలి?

బోర్డు పెట్టి లోపల కూర్చుంటే ఎవరూ రారు. అలాగని రోజుకు వంద మందికి 'మా దగ్గర సర్వీస్ ఉంది, తీసుకోండి' అని మెసేజ్ పెట్టడం కూడా తప్పే. లింక్డ్‌ఇన్ వారానికి పంపే ఇన్విటేషన్లపై పరిమితి పెడుతుంది. ఎక్కువ మంది తిరస్కరిస్తే అకౌంట్‌పై ఆంక్షలు కూడా రావొచ్చు.

మన ఎడిటర్ అయితే ఏం చేయాలి? అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల కోచింగ్ సెంటర్లు నడిపేవాళ్లను వెతకాలి. వాళ్ల పోస్టులు రెండు వారాలు చూడాలి. 'నైస్ సర్' లాంటి కామెంట్లు మాని, పనికొచ్చే మాట ఏదైనా చెప్పాలి. ఆ తర్వాతే కనెక్ట్ అవ్వాలి. మొదటి మెసేజ్‌లోనే రేటు కార్డు పంపొద్దు. వారానికి ఒక్క పోస్ట్ చాలు. ఒక రీల్ ఎడిట్ చేసే ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా మారింది అని చూపిస్తే అదే పెద్ద ప్రచారం.

క్లయింట్ ముసుగులో మోసగాళ్లు.. జాగ్రత్త

ప్రొఫైల్ పైకి రావడం మొదలైతే మంచివాళ్లతో పాటు మోసగాళ్లు కూడా వస్తారు. ఈ మాటలు వినిపిస్తే అనుమానించాలి:

* 'పెద్ద ప్రాజెక్ట్ ఉంది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి.' పని ఇచ్చేవాళ్లు డబ్బు అడగరు.
* 'ప్రాజెక్ట్ వివరాలు ఈ ఏపీకే ఫైల్‌లో ఉన్నాయి.' ఫైల్ తెరవొద్దు, ఇన్‌స్టాల్ చేయొద్దు.
* 'అడ్వాన్స్ పంపుతున్నా, యూపీఐ పిన్ కొట్టండి.' డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు పోతుంది.
* 'శాంపిల్‌గా పది వీడియోలు చేసివ్వండి.' శాంపిల్ పేరుతో మొత్తం పని ఫ్రీగా చేయించుకునే రకం ఇది. పాత పని చూపించండి. లేదా చిన్న శాంపిల్‌కు కూడా డబ్బు అడగండి.

ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కు ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

తప్పు ఎక్కడుందో ఇలా తెలుసుకోండి

ప్రొఫైల్‌లో అనలిటిక్స్ అనే భాగం ఉంటుంది. ఎంతమంది ప్రొఫైల్ చూశారు, సెర్చ్‌లో ఎన్నిసార్లు కనిపించారు అన్నది అందులో తెలుస్తుంది. మార్పులు చేసే రోజు ఆ అంకెలను రాసిపెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ చూడండి.

* సెర్చ్‌లోనే కనిపించడం లేదా? హెడ్‌లైన్, స్కిల్స్‌లో క్లయింట్ వెతికే పదాలు లేవని అర్థం.
* సెర్చ్‌లో కనిపిస్తున్నా ప్రొఫైల్ తెరవడం లేదా? ఫొటో, హెడ్‌లైన్ మొదటి పదాలు మార్చండి.
* ప్రొఫైల్ చూస్తున్నా మెసేజ్ పెట్టడం లేదా? అబౌట్, ఫీచర్డ్ సరిచేయండి. చేసిన పని కనిపించడం లేదు.
* మెసేజ్‌లు వస్తున్నా పని ఖాయం కావడం లేదా? అప్పుడు ప్రొఫైల్ తప్పేం లేదు. జవాబు ఎంత త్వరగా ఇస్తున్నారు, రేటు ఎంత స్పష్టంగా చెబుతున్నారు అన్నది చూసుకోండి.

అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ముందు హెడ్‌లైన్, అబౌట్ మొదటి లైన్లు మార్చి కొన్నాళ్లు చూడండి. ఆ తర్వాత మిగతావి.

చివరగా ఓ చిన్న పరీక్ష. మీ రంగంతో సంబంధం లేని ఒకరికి, అక్కకో బాబాయికో, మీ ప్రొఫైల్ పది సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకోండి. 'నేనేం పని చేస్తాను, ఎవరికి చేస్తాను?' అని అడగండి. టక్కున చెప్పేశారంటే మీ బోర్డు రెడీ అయినట్టే. తడుముకుంటే క్లయింట్ కూడా అక్కడే తడుముకుంటున్నాడు. హెడ్‌లైన్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.